కొత్త ఏడాది లక్ష్యాలు: గోదావరి క్యాలెండరు ముందు పెట్టుకుని రాసుకునే పద్ధతి

డిసెంబరు చివర్లో మన గోదావరి జిల్లాల్లో ఎవరికీ తీరిక ఉండదు. ధనుర్మాసం ముగ్గులు, సార్వా (ఖరీఫ్) ధాన్యం డబ్బులు ఎప్పుడు పడతాయా అన్న ఎదురుచూపు, హైదరాబాదు నుంచి వచ్చే పిల్లల రైలు టిక్కెట్ల గోల. ఆ సందట్లోనే ఇంట్లో కూర్చుని లేసు అల్లేవాళ్ళకి, మగ్గం వర్కు చేసేవాళ్ళకి, కేకులు చేసేవాళ్ళకి, పూతరేకులు చుట్టేవాళ్ళకి, పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళకి సంక్రాంతి ఆర్డర్ల టెన్షన్. జనవరి ఒకటో తారీఖు రాత్రి మాత్రం ఎవరో ఇచ్చిన డైరీ తీసి ‘ఈ ఏడాది లక్ష సంపాదించాలి, బరువు తగ్గాలి, ఇంగ్లీషు నేర్చుకోవాలి’ అని రాసేస్తాం. ఉగాది నాటికి ఆ డైరీలో పాలవాడి లెక్క ఉంటుంది.

రాసినవాళ్ళకి పట్టుదల లేక ఇలా జరుగుతుందని నేననుకోను. ఆ లక్ష ఎన్ని గంటల పనితో వస్తుందో ఎవరూ లెక్క కట్టరు. ఏ నెలలో వస్తుందో చూడరు. ఇంట్లో ఉండి చేతిపనితో సంపాదించే మనలాంటి వాళ్ళు మొదట రాసుకోవాల్సింది గంటలు, తర్వాత నెలలు, ఆ తర్వాతే రూపాయలు. ఈ వరస తిరగబడితే రాసుకున్నది గాలికి పోతుంది. కింద చెప్పేదంతా ఈ వరసలో పని చేయడానికే. మొత్తం పనికి రెండు మధ్యాహ్నాలు, ఒక పొడుగు నోటుబుక్కు, తిథులున్న గోడ క్యాలెండరు చాలు.

పాత ఏడాదిని తేల్చుకోండి

ఫోన్‌పే, గూగుల్ పేలలో పాత లావాదేవీలు తెరవండి. వాట్సాప్‌లో ఆర్డర్ల చాట్లు, కొరియర్ రసీదులు, దారానికో పూసలకో కట్టిన బిల్లులు పక్కన పెట్టుకోండి. నోటుబుక్కును అడ్డంగా తిప్పి ఒక్కో అమ్మకానికి ఒక్కో వరస రాయండి: ఏ వస్తువు, ఎవరు కొన్నారు, ఏ నెలలో, ఎంత ఇచ్చారు, సరుకుకి ఎంత పోయింది. గుర్తు రాని చోట గీత గీసి వదిలేయండి. ఏ గడిలో గీతలు ఎక్కువ పడ్డాయో ఆ లెక్కను కొత్త ఏడాదిలో మొదటి రోజు నుంచి రాయాలి. చాలామందికి అది సరుకు ఖర్చు గడి అవుతుంది.

తర్వాత ఎర్ర పెన్ను తీసుకుని మళ్ళీ పైనుంచి చదవండి. చేస్తుంటే పొద్దు తెలియని పనికి టిక్కు పెట్టండి. ఆర్డరు వస్తే ‘అబ్బా, మళ్ళీ ఇదేనా’ అనిపించిన దానికి ఇంటూ పెట్టండి. బాగా అమ్ముడుపోయిన సరుకుకే ఇంటూ పడొచ్చు, కంగారు పడకండి. కూడు పెట్టే పని అది, దాన్ని మానేయమని నేను చెప్పను. కానీ ఏడాది పొడుగునా అదే చేస్తే టిక్కు పెట్టిన పనికి చేతులు ఖాళీ ఉండవు. దాన్ని ఏ నెలలకు కట్టడి చేయాలో క్యాలెండరు దగ్గర చూద్దాం.

‘ఎవరు కొన్నారు’ అన్న గడి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. అందులో చాలా పేర్లు చుట్టాలవే. చుట్టాల దగ్గర రేటు చెప్పడం మన వైపు పెద్ద తలనొప్పి.

‘ఏమ్మా, బయటివాళ్ళతో పాటు నాకూ అదే రేటేనా?’ అని పెద్దమ్మ గారు అడిగితే నోట మాట రాదు. దీనికి ఏడాది మొదట్లోనే ఒక అంకె రాసి పెట్టుకోవడం మంచి ఉపాయం. కానుకగా ఇచ్చేవి ఏడాదికి ఇన్ని, అంతే. నాలుగనుకుందాం. అప్పుడు మీ జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘మీ దగ్గర తీసుకోవాలని నాకు మాత్రం ఉంటుందా పెద్దమ్మా, ఏడాదికి నాలుగు ఊరికే ఇద్దామని పెట్టుకున్నాను, ఈసారి నాలుగూ అయిపోయాయి. వచ్చే ఏడాది మొదటిది మీకే.’ ఇందులో అబద్ధం లేదు, మొహమాటం లేదు, పెద్దమ్మ గారికి చిన్నతనమూ లేదు.

చేతిలో ఉన్న గంటలు లెక్కపెట్టండి

ఇక్కడ తొందరపడకండి. అసలు పనంతా ఇక్కడే ఉంది.

నరసాపురం పక్క ఊళ్ళో లేసు అల్లే ఇల్లాలు ఒకావిడ అనుకుందాం. పిల్లలు బడికి వెళ్ళాక రెండు గంటలు, సాయంత్రం టీ అయ్యాక ఒక గంట, రోజుకి 3 గంటలు. ఆదివారం తీసేస్తే వారానికి 18. దీన్ని 52తో గుణించేయకండి. సంక్రాంతికి రెండు వారాలు పోతాయి. పెళ్ళిళ్ళు, పేరంటాలు, చావులు, దినాలు కలిపి నాలుగు వారాలు. పిల్లల పరీక్షలు, జ్వరాలు, తుపాను రోజులు, కరెంటు లేని రోజులు మరో నాలుగు. మిగిలినవి 42 వారాలు. 42ని 18తో గుణిస్తే 756 గంటలు.

ఆ 756 గంటలూ అల్లడానికే ఉండవు. వెలుగున్నప్పుడు ఫొటో తీయాలి, ‘రేటెంతండీ’ అన్న ప్రతి మెసేజికీ జవాబివ్వాలి, ప్యాకింగు చేయాలి, కొరియర్ ఆఫీసులో నిలబడాలి, దారం రంగు కలవకపోతే మళ్ళీ బజారుకి వెళ్ళాలి. ఇదంతా తక్కువలో తక్కువ మూడో వంతు తినేస్తుంది. 252 పోతే మిగిలేది 504. ఒక టేబుల్ మ్యాటు అల్లడానికి 6 గంటలనుకుంటే ఏడాదికి 84 మ్యాట్లు. దారం, కవరు, కొరియర్ పోను ఒక్కోదానికి 350 రూపాయలు మిగిలితే, మొత్తం 29,400 రూపాయలు.

డైరీలో రాసింది లక్ష, చేతులు ఇవ్వగలిగింది ముప్పై వేల లోపు. ఆ 29,400ని 756 గంటలకి పంచితే గంటకి 39 రూపాయలు కూడా పడదు. ఈ అంకె చూశాక చాలామంది పుస్తకం మూసేస్తారు. మూయకండి. ఇప్పటిదాకా మనసులో గుచ్చుకుంటూ ఉన్నదే ఇప్పుడు కాగితం మీదికి వచ్చింది, అంతే. నిద్ర మానేసి ఇంకా ఎక్కువ అల్లాలన్న పట్టుదలకి మాత్రం పోకండి. మెడ నొప్పి, చూపు మందగించడం అక్కడే మొదలవుతాయి.

మీ గంటలు మీరే రాసుకోండి. పైన చెప్పినవన్నీ లెక్క చూపించడానికి పెట్టిన అంకెలే. మగ్గం వర్కు అయితే ఒక జాకెట్టుకి పట్టే గంటలు, కేకులైతే ఓవెన్ ముందు నిలబడే గంటలు, ఫొటోలైతే పెళ్ళిలో గడిపిన రోజు కాకుండా తర్వాత కంప్యూటరు ముందు కూర్చున్న రాత్రులు. ఎంత పడుతుందో తెలియకపోతే వారం రోజులు పనికి కూర్చున్నప్పుడు, లేచినప్పుడు టైము గోడ మీద పెన్సిలుతో రాయండి. మనం ఊహించుకున్న దానికీ, గోడ మీద పడిన దానికీ తేడా ఉంటుంది.

ఇప్పుడు రూపాయలు

లెక్క మీ ముందుంది కాబట్టి ‘ఇంకా కష్టపడాలి’ అన్న మాట పక్కన పెట్టి, ఏ అంకె మార్చవచ్చో చూడండి. పైన చెప్పిన ఆవిడ లెక్కనే తిప్పి రాద్దాం.

మ్యాట్లు 84 కాకుండా 40 చేస్తుంది. తక్కువ చేస్తుంది కాబట్టి మంచి డిజైన్లు ఏరి, ఒక్కోదానికి 500 మిగిలేలా రేటు పెడుతుంది. దానికి 240 గంటలు పోతాయి, 20,000 వస్తాయి. మే నెలలో పిల్లలకి సెలవులు కాబట్టి ఊళ్ళోనే పది రోజులు, రోజుకి రెండు గంటలు లేసు నేర్పే క్లాసు పెడుతుంది. పది మంది పిల్లలు, తలకి 800. అంటే 20 గంటలకి 8,000. ఇక మిగిలిన 244 గంటలు చెవిపోగులు, జడ క్లిప్పులు, బ్యాగుకి తగిలించే చిన్న పువ్వులు చేస్తుంది. గంటకి ఒకటి, ఒక్కోదానికి 120 మిగిలితే 29,280. మొత్తం 57,280 రూపాయలు. గంటలు అవే 756, గంటకి ఇప్పుడు 75 పైన పడుతోంది.

లక్ష రాలేదు. కానీ ఈ 57 వేలు నడిచే లెక్క. వచ్చే ఏడాది దాని మీద కట్టుకోవచ్చు. ప్యాకింగుకీ కొరియర్‌కీ పక్కింటి డిగ్రీ అమ్మాయిని వారానికి రెండు పూటలు పెట్టుకుంటే ఆ 252 గంటల్లో కొన్ని వెనక్కి వస్తాయి. ఆమెకిచ్చే జీతం కంటే ఆ గంటల్లో మీరు చేసే పని విలువ ఎక్కువైతేనే పెట్టుకోండి.

రేటు పెంచడానికి జంకుతారు. ‘బజార్లో మెషిన్ లేసు చవగ్గా వస్తోందిగా’ అంటారు. వస్తుంది. ఆ బేరం ఆడేవాళ్ళు మన కొనుగోలుదారులు కారు. నరసాపురం క్రోషే లేసుకి 2024లో, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో, ఉప్పాడ జామ్దానీ చీరలకి 2009లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. చేత్తో చేసినదనీ ఫలానా ఊరిదనీ వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు అడిగే రెండు ప్రశ్నలు: ఎవరు చేశారు, ఎన్ని రోజులు పట్టింది. మొన్న గోడ మీద రాసుకున్న గంటలు ఇప్పుడు జవాబుగా పనికొస్తాయి.

గోడ మీది క్యాలెండరు దించండి

బజార్లో దొరికే ప్లానర్లు జనవరి, ఫిబ్రవరి, మార్చి అని మూడేసి నెలల ముక్కలు చేస్తాయి. మన దగ్గర ఏడాది అలా నడవదు. మన వైపు డబ్బు, పెళ్ళిళ్ళు, వరదలు తిథులనీ కాలవనీ పట్టి వస్తాయి. క్యాలెండరు నేల మీద పరిచి మూడు రంగుల పెన్సిళ్ళు తీసుకోండి. కొనేవాళ్ళు ఎక్కువ ఉండే రోజులకి ఆకుపచ్చ, పని ఆగిపోయే రోజులకి ఎరుపు, చేతులు ఖాళీగా ఉండే రోజులకి నీలం.

సంక్రాంతితో మొదలుపెట్టండి. భీమవరంలో, నరసాపురంలో, అమలాపురంలో లాడ్జిలో గది దొరకని వారం అది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం జాతరకి కోనసీమంతా కదులుతుంది. విదేశాల నుంచి వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు పెట్టెలో పట్టే చిన్న కానుకల కోసం చూస్తారు. కొనేవాళ్ళు మన గుమ్మం ముందుకొచ్చే రోజులే, కానీ మన ఇంట్లోనే పది మంది చుట్టాలుంటారు, సూది పట్టుకునే వీలుండదు. అందుకని పండగ సరుకు డిసెంబరు 25 నాటికి పూర్తవ్వాలి. భోగికి ముందు వారం కొత్త ఆర్డరు ఒప్పుకోకూడదు. ఈ ఏడాది డిసెంబరు ఎలాగూ దాటిపోతుంది కాబట్టి, వచ్చే డిసెంబరుకి ఈ తారీఖు ఇప్పుడే గీసి పెట్టండి.

పెళ్ళిళ్ళ మీద బతికేవాళ్ళు, అంటే మగ్గం వర్కు, మెహందీ, ఫొటోలు, రిటర్న్ గిఫ్టులు చేసేవాళ్ళు పంచాంగం లేకుండా లక్ష్యం రాయకూడదు. పుష్యం, ఆషాఢం, భాద్రపదం మూడూ శూన్యమాసాలు, ముహూర్తాలు పెట్టరు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం నిండుగా ఉంటాయి. మూఢం వస్తే అవి కూడా ఖాళీ అవుతాయి, అధికమాసం వస్తే నెల మొత్తం పోతుంది. 2026నే చూడండి, మే మధ్య నుంచి జూన్ మధ్య దాకా అధిక జ్యేష్ఠం. పోయినేడు ఇదే నెలలో ఇంత వచ్చింది కదా అని లెక్కేస్తే అక్కడే దెబ్బతింటారు. పురోహితుడు గారిని ఒక పది నిమిషాలు కూర్చోబెట్టి ఏడాది ముహూర్తాలు చెప్పించుకోండి. బ్యూటీపార్లర్ వాళ్ళు, కల్యాణమండపాల వాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్న పని అదే.

పెళ్ళివాళ్ళకి ఖాళీగా ఉండే ఆషాఢమే మిఠాయిలవాళ్ళకి సీజను. కొత్తగా పెళ్ళయిన అమ్మాయి అత్తవారింటికి సారె వెళ్ళాలి. కావిళ్ళలో కాజాలు, గవ్వలు, పూతరేకులు. ఆ నెలలో చేతులు చాలవు. రేకులు తీసేవాళ్ళకి ముందే మాట ఇచ్చి పెట్టుకోవాలి. బోర్లించిన కుండ మీద జయ బియ్యం పిండిలో తడిపిన గుడ్డ పరిచి రేకు లాగడం అందరికీ పట్టుబడే పని కాదు. ఆ నెల చూసి కొత్తవాళ్ళని పెట్టుకుంటే చిరిగిన రేకులే ఎక్కువ మిగులుతాయి. పూతరేకులు చుట్టి అమ్మేవాళ్ళు ‘అమ్మకం రెట్టింపు’ అని రాసుకునేముందు ‘రేకులు తీసే ఇద్దరితో మే నెలలోగా మాట్లాడి బయానా ఇవ్వాలి’ అని రాసుకోవడం మేలు.

ఇక కాలవ. దాళ్వా (రబీ) పంట చివర్లో, వేసవిలో కాలవలకి నీళ్ళు ఆపేస్తారు, జూన్‌లో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి మళ్ళీ వదులుతారు. దాళ్వా ధాన్యం డబ్బు ఏప్రిల్, మే నెలల్లో, సార్వా డబ్బు డిసెంబరు, జనవరిలో ఊళ్ళల్లో ఆడుతుంది. మీ కొనుగోలుదారులు ఊళ్ళోవాళ్ళే అయితే ఖరీదైన సరుకు ఆ నెలల్లో చూపించండి. నాట్లప్పుడు, ఎరువుల ఖర్చులప్పుడు ఎంత బాగున్నా ‘తర్వాత చూద్దాంలే అమ్మా’ అనే అంటారు. అది మీ పనితనం మీద తీర్పు కాదు. బెంగళూరుకో అమెరికాకో పంపేవాళ్ళకి దీనితో పని లేదు. వాళ్ళు దసరా, దీపావళి, క్రిస్మస్ చూసుకోవాలి.

జూలై, ఆగస్టు నెలలకి ఎర్ర పెన్సిలు తీయండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నది మధ్య లంక ఊళ్ళల్లో ఉండేవాళ్ళకి ఈ అంకెలు నోటికొచ్చు. రెండోది దాటితే రేవు దాటి పార్సిలు పంపడం కష్టం. 1986 ఆగస్టు వరద పెద్దవాళ్ళు ఇంకా చెబుతారు, 2022 జూలైది మనందరం చూశాం. ఈ రెండు నెలల్లో తీసుకునే ఆర్డర్లకి డెలివరీ గడువు మామూలు కంటే పది రోజులు ఎక్కువ చెప్పండి. సరుకు నేల మీది పెట్టెలో కాకుండా అటక మీద పెట్టండి.

అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరి తోటలు పడుకున్న సంగతి చెప్పక్కర్లేదు. 2025లో మొంథా తుపాను అక్టోబరు 28న నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ రోజుల్లో కరెంటు ఉండదు, ఫోను ఛార్జింగు ఉండదు, తడి గాలికి తెల్ల లేసు మీద పసుపు మరకలు పడతాయి. అల్లినవి అల్లినట్టే ఉతికి, బాగా ఎండబెట్టి, గాలి చొరబడని కవర్లో పెట్టడం సెప్టెంబరు చివరి వారం పనిగా రాసుకోండి. దీపావళి సరుకుకి కూడా తుది గడువు పండగకి రెండు వారాల ముందే పడాలి.

ఇంకో తారీఖు కూడా ఉంది. గోదావరి పుష్కరాలు 2015 జూలైలో జరిగాయి, మళ్ళీ 2027లో వస్తున్నాయి. పన్నెండేళ్ళకోసారి పన్నెండు రోజులు. రాజమండ్రి, కొవ్వూరు, నరసాపురం, అంతర్వేది రేవులన్నీ జనంతో నిండుతాయి. సంచిలో పట్టే, వంద రెండు వందల లోపు చిన్న వస్తువు మీ దగ్గర ఉంటే, దాని మీద ఆర్నెల్ల ముందు నుంచీ వారానికి కొన్ని గంటలు కేటాయించడం తెలివైన పని. జనం వచ్చాక మొదలుపెడితే రేవు దాకా కూడా చేరలేం.

నీలం పెన్సిలు ఎక్కడ పడిందో ఇప్పుడు చూడండి. సాధారణంగా పుష్యమాసం చివర, ఏప్రిల్ మధ్యాహ్నాలు, భాద్రపదం. ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టిన పని అక్కడ పెట్టుకోవాలి. కొత్త డిజైన్లు, కొత్త రంగులు, అమ్ముడవుతుందో లేదో తెలియని ప్రయోగాలు అన్నీ అక్కడే. కళ మీద మక్కువ ఉన్నవాళ్ళు సీజన్లో ఆర్డర్లు చేస్తూ కొత్తవి కూడా చేద్దామనుకుంటారు. అలా చేస్తే రెండూ చెడతాయి.

మూడు వాక్యాలు రాయండి

పనికి ఒకటి, డబ్బుకి ఒకటి, మీకోసం ఒకటి. నాలుగోది వద్దు. ప్రతి వాక్యంలోనూ అంకె ఉండాలి, తారీఖు ఉండాలి, అది మీ చేతిలో ఉన్న పనై ఉండాలి. ‘ఇన్‌స్టాగ్రామ్‌లో పది వేల మంది ఫాలోవర్లు’ అన్నది మీ చేతిలో లేదు. ‘ప్రతి మంగళ, శుక్రవారాలు ఒక ఫొటో, ఎవరు చేశారో ఎన్ని గంటలు పట్టిందో రాసి పెడతాను’ అన్నది మీ చేతిలో ఉంది.

పైన చెప్పిన ఆవిడైతే ఇలా రాసుకోవచ్చు: ‘భాద్రపదం అయ్యేలోగా మూడు కొత్త మ్యాటు డిజైన్లు పూర్తి చేసి ఫొటోలు తీస్తాను.’ ‘ఉగాది నుంచి ఏ మ్యాటూ 500 మిగలకుండా అమ్మను, ప్రతి అమ్మకం ఆ రాత్రే పుస్తకంలో రాస్తాను.’ మూడోది: ‘ఫిబ్రవరిలో కళ్ళు చూపించుకుంటాను, రాత్రి తొమ్మిది దాటాక సూది పట్టను.’

మూడోదాన్ని చాలామంది కొసరుగా చూస్తారు. నేనైతే దాన్ని మొదట రాయమంటాను. ఇంటి ఖర్చుల్లో కలిసిపోకుండా మీ పేరు మీద విడిగా బ్యాంకు ఖాతా, పొద్దున్నే కాలవ గట్టు మీద అరగంట నడక, నెలకో ఆదివారం ఫోను ఆఫ్, డిగ్రీ సప్లిమెంటరీ రాయడం, ఏదైనా సరే. ఒక్కటి తీసుకుని దానికి కూడా గంటలు కేటాయించండి. ఆ 756లోంచి తీసేయాలి. ఊరికే వస్తుందనుకుంటే రాదు.

ఈ మూడు వాక్యాల కింద గీత గీసి ‘ఈ ఏడాది చేయనివి’ అని రెండు రాయండి. ఉదాహరణకి వారం గడువుతో వచ్చే పెళ్ళి ఆర్డర్లు, అప్పు మీద అమ్మకాలు. చేయనివి రాసుకోకపోతే ఎవరు అడిగినా ‘సరేలెండి’ అనేస్తాం.

ఇంట్లో చెప్పండి

ఇంట్లో చెప్పాల్సింది మీ కలల గురించి కాదు, గంటల గురించి. ‘నేను బిజినెస్ పెంచుకుంటానండీ’ అంటే ‘పెంచుకో’ అంటారు, పది నిమిషాల తర్వాత టీ అడుగుతారు. ‘పొద్దున్న పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా నేను పనిలో ఉంటాను, గేసు సిలిండరు వాడొస్తే అత్తయ్య గారు చూసుకుంటారు’ అంటే అందరికీ అర్థమవుతుంది. అత్తయ్య గారితో ముందే మాట్లాడుకోండి మరి, అందరి ముందూ ఆవిడ పేరు చెప్పేస్తే వ్యవహారం తేడా కొడుతుంది. డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడ కూడా మీ మూడు వాక్యాలు ఒకసారి చదవండి. నెలనెలా కూర్చునేవాళ్ళు కాబట్టి ‘ఏమైంది ఆ డిజైన్ల సంగతి?’ అని ఎవరో ఒకరు అడుగుతారు.

కాగితాల పని ఫిబ్రవరిలో ముగించండి

పెళ్ళిళ్ళ సందడి ముదిరేలోగా చేసుకుంటే మంచిది. చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లో ఉచితం. ఎవరైనా డబ్బు అడిగితే అది వాళ్ళ చాకిరీకి తప్ప ప్రభుత్వానికి కాదు. తినే వస్తువులు అమ్మేవాళ్ళకి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నమోదు ఉండాలి, ఆ నంబరు ప్యాకెట్టు మీద వేయాలి. మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్ళకి ఏడాది టర్నోవరు 40 లక్షలు, సేవలు అమ్మేవాళ్ళకి 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. బయటి రాష్ట్రాలకి, ఆన్‌లైన్ కంపెనీల ద్వారా అమ్మేవాళ్ళకి నిబంధనలు వేరు, హస్తకళలకి కొంత వెసులుబాటు ఉంది. ఆడిటర్‌కి ఒకసారి ఫీజు ఇచ్చి అడిగి రాయించుకోండి. భౌగోళిక గుర్తింపు ఉన్న సరుకైనా ఆ ముద్ర ఎవరు పడితే వాళ్ళు వేసుకోకూడదు, అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకోవాలి.

అప్పు కావాలంటే ముద్ర పథకంలో శిశు రుణం 50,000 దాకా. పీఎం విశ్వకర్మలో ఉన్న 18 వృత్తుల్లో దర్జీ, కుమ్మరి, బొమ్మల తయారీ, కొబ్బరిపీచు అల్లిక ఉన్నాయి. 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష దాకా ఇస్తారు. అప్పు తీసుకునే ముందు గంటల లెక్క ఒకసారి చూసుకోండి. చేతులు ఖాళీ లేనప్పుడు అప్పు తెచ్చి ముడిసరుకు కొంటే అది అటక మీద కూర్చుంటుంది, వాయిదా మాత్రం ఆగదు.

ఏడాదిలో మూడుసార్లు పుస్తకం తీయండి

ఉగాది నాడు, కాలవలకి నీళ్ళు వదిలిన వారంలో, దసరాకి. నెలనెలా చూసుకోమని చెప్పేవాళ్ళున్నారు, మన ఇళ్ళల్లో అది జరగదు. మూడుసార్లు చాలు. అప్పుడు చేసే పని ఒకటే: రాసుకున్న గంటలకీ, నిజంగా కూర్చున్న గంటలకీ తేడా ఎంతో చూడటం. గంటలు పడ్డాయి, డబ్బు రాలేదు అంటే రేటు మార్చాలి, లేదా వస్తువు మార్చాలి. గంటలే పడలేదంటే కారణం వెతకండి. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగుండకపోతే అంకెలు తగ్గించి రాయండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఊరికే వాయిదా పడుతోందంటే ఆ వాక్యం మీకు ఇష్టం లేని పనై ఉంటుంది. కొట్టేసి, నీలం పెన్సిలు పడిన తర్వాతి నెలలో ఇంకోటి పెట్టుకోండి.

కాలవలకి నీళ్ళు వదిలిన వారం పుస్తకం తీసినప్పుడు కొరియర్ రేట్లు కూడా కొత్తగా అడిగి రాసుకోండి. ఆర్టీసీ పార్సిలు, పోస్టాఫీసు, ప్రైవేటు కొరియర్ మూడింటివీ అరకిలోకి, కిలోకి ఎంతో తెలుసుకుని తలుపు వెనక అంటించండి. ఆషాఢం సారె పార్సిళ్ళు మొదలయ్యాక అడిగే తీరిక వాళ్ళకీ ఉండదు, మనకీ ఉండదు.